హవానా సిండ్రోమ్ వెనక మైక్రోవేవ్ ఆయుధం ఉందా? సాక్ష్యాలను మీరే తూచే పద్ధతి

“హవానా సిండ్రోమ్ నిజమా, కట్టుకథా?” అని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, ఈ వాదనను నేను ఏ వరసలో పరిశీలిస్తానో మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఒక ఆదివారం పూట కేటాయిస్తే మీరూ చేయగలరు.

కొత్తగా వింటున్నవారికి నాలుగు మాటలు. 2016 చివర్లో క్యూబా రాజధాని హవానాలోని అమెరికా ఎంబసీ సిబ్బంది కొందరు వింత శబ్దం వినిపించిందని, తలలో ఒత్తిడి, చెవినొప్పి, తల తిరగడం మొదలయ్యాయని చెప్పారు. కెనడా దౌత్యవేత్తల కుటుంబాలకూ ఇలాంటి బాధలే వచ్చాయి. 2018లో చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి, 2021లో వియన్నా నుంచి కూడా ఫిర్యాదులు వచ్చాయి. ఎవరో మైక్రోవేవ్ తరంగాలతో దాడి చేశారన్నదే మనం తూచబోయే వాదన.

## 1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- ఒక నోటుపుస్తకం. పేజీని నాలుగు నిలువు గళ్ళుగా గీయండి: “ఏం చెప్పారు”, “ఏం చూసి చెప్పారు”, “ఆయుధం లేకపోయినా ఇది కనిపించేదా”, “తేదీ”.
- 2018, 2019, 2024ల్లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన అధ్యయనాలు. కనీసం సారాంశాలు.
- 2020 డిసెంబరులో అమెరికా జాతీయ శాస్త్ర, ఇంజనీరింగ్, వైద్య అకాడమీల కమిటీ ఇచ్చిన నివేదిక.
- 2023 మార్చి, 2025 జనవరి నాటి అమెరికా గూఢచార సంస్థల అంచనాలు.
- ఒక కాలిక్యులేటర్. అయిదో మెట్టులో కావాలి.

మూడో గడి మీదే ఎక్కువ శ్రమ పెట్టండి. ఒక సాక్ష్యం ఆయుధం ఉంటే కనిపిస్తుంది, లేకపోయినా అంతే తేలిగ్గా కనిపిస్తుంది అంటే దానికి బరువు లేదు. ఎంత సంచలనంగా ఉన్నా సరే, ఆ గడి నిండాక దాన్ని పక్కన పెట్టగలగాలి.

## 2. ఒక్క ప్రశ్నను అయిదు చేయండి

“నిజమా కాదా” అన్నచోటే చాలామంది దారి తప్పుతారు. ఆ ఒక్క మాటలో అయిదు ప్రశ్నలున్నాయి. విడదీసి రాసుకోండి.

1. ఆ మనుషులకు బాధ ఉందా?
2. అందరిదీ ఒకే జబ్బా?
3. మెదడుకో చెవికో గాయం అయినట్టు పరీక్షల్లో తేలిందా?
4. తరంగాలు అలాంటి గాయం చేయగలవా?
5. ఎవరైనా నిజంగా చేశారా?

మొదటిదానికి జవాబు అవును. నేను చూసిన ముఖ్యమైన నివేదికల్లో ఏదీ వాళ్ళను నటిస్తున్నారని అనలేదు. దాన్నుంచి నేరుగా అయిదో ప్రశ్నకు దూకడమే అసలు పొరపాటు. దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా అంతే చెడ్డది: ఆయుధం లేదు కాబట్టి బాధ కూడా లేదు అనేయడం.

కేసులను కూడా ఇలాగే విడదీయాలి. 2023 అంచనా నాటికి 96 దేశాల నుంచి సుమారు 1,500 ఫిర్యాదులు నమోదయ్యాయి. 2022 జనవరిలో సీఐఏ అప్పటికి వచ్చిన దాదాపు వెయ్యి కేసుల్లో చాలావాటికి మామూలు కారణాలు ఉన్నాయని చెప్పింది: అంతకుముందు బయటపడని జబ్బులు, పరిసరాల ప్రభావం, మానసిక ఒత్తిడి. సుమారు రెండు డజన్ల కేసులు మాత్రం తేలలేదంది.

ఆయుధం ఉందనేవాళ్ళు 1,500 అంకె చూపిస్తారు. లేదనేవాళ్ళు తేలిపోయిన వందల కేసులు చూపించి, ఆ రెండు డజన్లనూ వాటితోపాటే కొట్టేస్తారు. మీ పేజీలో రెండు గుంపులూ వేర్వేరు వరసల్లో ఉండాలి. 2021 సెప్టెంబరులో సీఐఏ డైరెక్టర్ విలియం బర్న్స్ భారత్ వచ్చినప్పుడు ఆయన బృందంలో ఒకరికి ఇలాంటి లక్షణాలు కనిపించాయన్న వార్త మీకు గుర్తుండే ఉంటుంది. అది ఏ వరసలోకి వెళ్తుంది? ఒక్క వ్యక్తి, ఒక్క వార్త, వైద్య వివరాలు బయటికి రాలేదు. కాబట్టి “నమోదైంది” అన్న వరసలోకి మాత్రమే. అంతకు మించి పైకి ఎక్కించకండి.

## 3. శబ్దాన్ని జబ్బు నుంచి వేరు చేయండి

2017 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ హవానాలో రికార్డయిన ఒక శబ్దాన్ని బయటపెట్టింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. సన్నగా, గుచ్చుకునేలా, ఆగకుండా సాగుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకూ ఒళ్ళు జలదరించింది.

2019 జనవరిలో అలెగ్జాండర్ స్టబ్స్, ఫెర్నాండో మాంటియలెగ్రే అనే ఇద్దరు జీవశాస్త్రజ్ఞులు ఆ రికార్డింగును విడదీసి చూశారు. శబ్దం 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంది, సెకనుకు సుమారు 180 సార్లు కొట్టుకుంటోంది. కరీబియన్ ప్రాంతపు ఒక జాతి కీచురాయి కూతకు అది సరిపోయింది. చిన్న తేడా ఒకటి మిగిలితే, గది గోడల మధ్య ప్రతిధ్వనించేలా మళ్ళీ వినిపించి చూశారు. అదీ కలిసింది. అమెరికా ప్రభుత్వానికి సలహాలిచ్చే జేసన్ అనే శాస్త్రవేత్తల బృందం కూడా 2018లోనే కీచురాళ్ళ వైపే మొగ్గింది.

ఇప్పుడు మూడో గడి నింపండి. ఆ శబ్దం ఆయుధం లేకపోయినా వినిపించేదా? వినిపించేదే. రికార్డింగు బరువు సున్నా.

ఇక్కడ ఒక జాగ్రత్త. రికార్డింగు కీచురాయిది అని తేలింది గానీ, వినిపించిందని చెప్పిన ప్రతి ఒక్కరూ విన్నది అదే అని తేలలేదు. మైక్రోవేవ్ వల్ల తలలో పుట్టే శబ్దం మైకులో పడదు కూడా. అంటే ఈ మెట్టు ఆయుధం వాదన నుంచి ఒక సాక్ష్యాన్ని తీసేసింది, అంతే.

## 4. వైద్య అధ్యయనాలు: ఇక్కడ తొందర వద్దు

ప్రతి అధ్యయనాన్నీ ఈ నాలుగూ అడగండి.

- ఎవరితో పోల్చారు?
- “లోపం” అనడానికి గీత ఎక్కడ గీశారు?
- ఘటన జరిగిన ఎన్ని రోజులకు పరీక్షించారు?
- తేడా కనిపిస్తే, అది మనిషి పడే బాధకు ముడిపడుతుందా?

2018 అధ్యయనం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వైద్యులు 21 మందిని పరీక్షించి, తలకు దెబ్బ తగలకపోయినా కన్‌కషన్ (దెబ్బకు మెదడు అదరడం) లాంటి లక్షణాలున్నాయన్నారు. ప్రపంచమంతా ఈ మాటే పట్టుకుంది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షల్లో వాళ్ళు గీసిన గీత దగ్గర ఆగండి. నూరుమందిలో అడుగు నుంచి 40వ స్థానం కంటే కింద ఉంటే లోపం కింద లెక్కేశారు.

దాని అర్థం కాగితం మీద చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న నూరుమందికి ఒక పరీక్ష పెడితే, ఈ గీత ప్రకారం 40 మంది తప్పుతారు. గీత అర్థమే అది. ఒకదానితో ఒకటి సంబంధం లేని పది పరీక్షలు పెడితే, పదీ దాటే అవకాశం 0.6ను పదిసార్లు గుణిస్తే వచ్చేది, అంటే 0.006. వెయ్యిమంది ఆరోగ్యవంతుల్లో ఆరుగురే “ఏ లోపమూ లేనివాళ్ళు” అవుతారు. నిజ జీవితంలో పరీక్షలకు కొంత సంబంధం ఉంటుంది కాబట్టి అంకె మరీ ఇంత ఘోరంగా ఉండదు. అయినా ఇలాంటి గీతను మామూలుగా అడుగున అయిదో స్థానం దగ్గర గీస్తారని గుర్తుపెట్టుకోండి. నాడీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆ రోజుల్లోనే దీన్ని గట్టిగా తప్పుపట్టారు.

2019 అధ్యయనం. అదే విశ్వవిద్యాలయం 40 మంది ఎమ్మారైలను 48 మంది ఆరోగ్యవంతులతో పోల్చింది. మెదడులోని తెల్ల పదార్థంలో (నరాల తీగల కట్టల్లో), కొన్ని అనుసంధానాల్లో సగటు తేడాలు కనిపించాయి. వాటి వైద్యపరమైన ప్రాముఖ్యం ఏమిటో తెలియదని రచయితలే రాశారు. వార్తల్లో ఆ వాక్యం రాలేదు. మీ పేజీలో రాయండి.

2024 అధ్యయనాలు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 81 మంది ఎమ్మారైలను 48 మందితోనూ, 86 మంది వైద్య పరీక్షలను 30 మందితోనూ పోల్చాయి. మెదడు స్కాన్లలో చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. చాలా పరీక్షల్లోనూ దొరకలేదు. కానీ బాధితులు చెప్పుకున్న అలసట, తూలు, నిస్పృహ, గాయానంతర ఒత్తిడి లక్షణాలు స్పష్టంగా ఎక్కువగా ఉన్నాయి. 28 శాతం మందికి ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ (నాడుల పనితీరు గాడి తప్పే జబ్బు) ప్రమాణాలు సరిపోయాయి.

దీన్నే తుది తీర్పు అనుకోవాలనిపిస్తుంది. ఆగండి. ఘటనకూ మొదటి స్కానుకూ మధ్య గడిచిన కాలంలో మధ్యస్థ విలువ 80 రోజులు, అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువే. మొదటి వారంలో ఏదైనా ఉండి మానిపోతే ఈ స్కాన్లకు చిక్కదు. పైగా ఆ ఏడాది ఆగస్టులో ఆ పరిశోధన ఆగిపోయింది: కొందరు తాము ఇష్టపూర్వకంగా చేరలేదని, చేరక తప్పని స్థితి కల్పించారని చెప్పడంతో సంస్థే దాన్ని ముగించింది. ఇది కొలతలను తలకిందులు చేయదు. కానీ పక్కన రాసి ఉండాలి.

మా పెద్దమ్మ రెండేళ్ళు తల తిరుగుడుతో గోడ పట్టుకుని నడిచింది. స్కాన్ నార్మల్ అని రాగానే ఇంట్లో అందరం “ఏమీ లేదట” అని ఊపిరి పీల్చుకున్నాం. ఆమె మాత్రం ఆ రోజు అన్నం తినలేదు. స్కానులో ఏమీ లేకపోవడం, మనిషికి ఏమీ లేకపోవడం రెండూ ఒకటి కాదు. ఫంక్షనల్ అంటే నాడీవ్యవస్థ నిర్మాణం బాగానే ఉండి పనితీరు గాడి తప్పడం. నటన కాదు, బలహీనత కాదు, చికిత్స ఉన్న జబ్బు.

## 5. తరంగాల లెక్క మీరే వేయండి

1962లో అలన్ ఫ్రే అనే శాస్త్రవేత్త ఒక వింత విషయం ప్రచురించాడు. మైక్రోవేవ్ పల్సులు (క్షణంలో వెయ్యో వంతు కన్నా తక్కువసేపు కొట్టి ఆగే తరంగాలు) తలకు తగిలితే టిక్కుటిక్కుమనో, బుస్సుమనో వినిపిస్తుంది. పల్స్ తగిలిన కణజాలం లవలేశం వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆ కుదుపు లోపలి చెవికి చేరుతుంది. ఇది రుజువైన విషయం. 2020 అకాడమీల కమిటీ కొన్ని కేసులకు పల్స్ రేడియో తరంగాలు అన్నిటికన్నా నమ్మదగ్గ వివరణ అనడానికి ఇదొక ఆధారం. 2022లో గూఢచార సంస్థలు పిలిచిన నిపుణుల బృందం కూడా ఇది సాధ్యమేనంది.

(అ) వినిపించడానికి ఎంత కావాలి? 1970ల ప్రయోగాల ప్రకారం ఒక్కో పల్సుకు చదరపు సెంటీమీటరుకు సుమారు 40 మైక్రోజౌళ్ళు. పల్స్ నిడివి 10 మైక్రోసెకన్లు అనుకుంటే, ఆ క్షణంలో చదరపు సెంటీమీటరుకు 4 వాట్లు. ఒక చదరపు మీటరు మేర పడాలంటే 40 కిలోవాట్లు. రాడార్లకు ఇది పెద్ద పని కాదు. అయితే ఒక్కో పల్సుకు కణజాలం వేడెక్కేది డిగ్రీని పది లక్షల భాగాలు చేస్తే అందులో అయిదు భాగాలంత. వినిపించడం వేరు, గాయపరచడం వేరు. కాల్చకుండా శాశ్వత గాయం చేయాలంటే మధ్యలో ఇంకేదో జరగాలి. దానిమీద మనుషుల్లో చేసి, బహిరంగంగా ప్రచురించిన పరిశోధన చాలా తక్కువ.

(ఆ) ఒక్కరికే ఎలా తగులుతుంది? “నాకే తగిలింది, నాలుగడుగులు జరిగితే ఆగిపోయింది” అన్న వాంగ్మూలాలున్నాయి. తరంగం పొడవును దూరంతో గుణించి, యాంటెనా వెడల్పుతో భాగిస్తే, పడే మచ్చ వెడల్పు సుమారుగా వస్తుంది. వంటింటి మైక్రోవేవ్ తరంగం పొడవు 12 సెంటీమీటర్లు. 100 మీటర్ల దూరం నుంచి ఒక మీటరు మచ్చ వేయాలంటే 12 మీటర్ల యాంటెనా కావాలి. అంటే నాలుగంతస్తుల మేడ ఎత్తు. దాన్ని ఎవరూ చూడకుండా వీధిలో నిలబెట్టలేరు.

అదే పక్క గదిలో, 5 మీటర్ల దూరంలో అయితే? 60 సెంటీమీటర్లు చాలు. సూట్‌కేసు అంత. అందుకే “సాధ్యమా” అన్న ప్రశ్నను దూరం లేకుండా అడగకండి. దూరం దగ్గరయ్యేకొద్దీ భౌతికశాస్త్రం తేలికవుతుంది, కానీ దర్యాప్తు ప్రశ్న బరువెక్కుతుంది: ఆ రోజు పక్క గదిలో ఎవరున్నారు, కరెంటు ఎక్కణ్ణుంచి తీసుకున్నారు?

(ఇ) పౌనఃపున్యం పెంచితే? మచ్చ చిన్నదవుతుంది, కానీ చొచ్చుకుపోవడం తగ్గుతుంది. అమెరికా సైన్యం బహిరంగంగా చూపించిన యాక్టివ్ డినయల్ సిస్టమ్ 95 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. అది చర్మంలోకి అర మిల్లీమీటరు కూడా దిగదు. చర్మం మండుతుంది, మనిషి పారిపోతాడు. గోడ దాటి మెదడును చేరే పరికరం అది కాదు.

ఘటన జరుగుతున్న సమయంలో ఆ గదిలో తరంగాలను కొలిచిన పట్టిక ఏదీ బహిరంగంలోకి రాలేదు. మీ పేజీలో ఆ గడిని ఖాళీగానే ఉంచండి. ఊహతో నింపకండి.

## 6. పోటీ కారణాలకూ అదే త్రాసు

పురుగుమందులు, చెవి లోపలి జబ్బులు, మైగ్రేన్, ఒత్తిడి, “మనమీద దాడి జరుగుతోంది” అన్న హెచ్చరిక విన్నాక ప్రతి తలనొప్పినీ అదే కళ్ళతో చూడటం. ఇవన్నీ రాయండి. కానీ వీటినీ రుజువు అడగండి. “సామూహిక భయం అయ్యుంటుంది” అన్నది కూడా ఒక వాదనే. మొదటి కొద్దిమందికి అది చెప్పుకున్నంత బాగా అమరదు. వార్త పాకాక వచ్చిన వందల ఫిర్యాదులకు బాగా అమరుతుంది.

2019లో కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయం బృందం, హవానాలో జికా దోమల కోసం కొట్టిన పురుగుమందులు కెనడా సిబ్బంది బాధలకు కారణం కావచ్చంది. 2020 డిసెంబరులో మన ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోతే మొదట ఎన్ని పుకార్లు వచ్చాయో గుర్తుందా? అప్పుడు రక్తం, నీళ్ళు, పాలు, కూరగాయల నమూనాలు రోజుల్లోనే తీశారు. మొదట సీసం, నికెల్ కనిపించాయి, తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు. అక్కడ కనీసం వాదించుకోవడానికి అప్పటి నమూనాలు చేతిలో ఉన్నాయి. హవానా తొలి కేసుల్లో ఆ అవకాశం చాలావరకు చేజారింది. ఇప్పుడు ఏ వాదనైనా కుంటడానికి అసలు కారణం అదేనని నా అభిప్రాయం.

## 7. గూఢచార నివేదికల భాష చదవడం

ఈ నివేదికల్లో మాటలకు అంకెలుంటాయి. అమెరికా గూఢచార సంస్థల ప్రమాణం ప్రకారం “చాలా అసంభవం” అంటే 5 నుంచి 20 శాతం. “అసంభవం” అంటే 20 నుంచి 45. “దాదాపు సగం సగం” అంటే 45 నుంచి 55. అంటే “చాలా అసంభవం” కూడా సున్నా కాదు.

2023లో ఏడు సంస్థల్లో అయిదు, శత్రుదేశం పని అనడం చాలా అసంభవమన్నాయి. 2025 జనవరిలో ఆ అయిదూ అదే మాట మీద ఉన్నాయి. రెండు మాత్రం కదిలాయి. విదేశం ఏదో కొత్త ఆయుధాన్ని కొద్దిమందిపై వాడి ఉండే అవకాశం సగం సగం అని ఒకటి, అలాంటిది తయారుచేసి ఉండొచ్చుగానీ ఈ ఘటనల్లో వాడి ఉండకపోవచ్చని మరొకటి చెప్పాయి. “అమెరికా ఒప్పుకుంది” అని పంచుకున్న పోస్టులు ఈ రెండింటినీ కలిపేశాయి.

2024లో ది ఇన్‌సైడర్, డెర్ ష్పీగెల్, 60 మినిట్స్ అనే మూడు వార్తా వేదికలు కలిసి రష్యా సైనిక గూఢచార విభాగం యూనిట్ 29155 వైపు వేలు చూపించాయి. రష్యా ఖండించింది. ఇందులో ప్రధాన ఆధారం ఆ మనుషులు అదే సమయంలో అదే ఊళ్ళలో ఉండటం. అడగాల్సింది: వాళ్ళు ఉన్నా ఏమీ జరగని ఊళ్ళెన్ని? వాళ్ళు లేకపోయినా ఫిర్యాదులొచ్చిన ఊళ్ళెన్ని? ఆ రెండు అంకెలు లేకుండా మొదటిదానికి పూర్తి బరువు ఇవ్వలేం.

## 8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

“గతంలో చేశారు కాబట్టి ఇప్పుడూ చేశారు.” మాస్కోలోని అమెరికా ఎంబసీ మీద సోవియట్లు 1950ల నుంచి 1970ల దాకా నిజంగానే మైక్రోవేవ్ ప్రసరింపజేశారు. కానీ తీవ్రత చదరపు సెంటీమీటరుకు కొన్ని మైక్రోవాట్ల నుంచి పదుల లోపే. ఆరోగ్యానికి హాని జరిగిందన్న నమ్మదగ్గ ఆధారం 1978 నాటి జాన్స్ హాప్‌కిన్స్ అధ్యయనానికి దొరకలేదు. ఇది ఉద్దేశానికి సాక్ష్యం, గాయానికి కాదు.

“ఒక ప్రొఫెసర్ చెప్పాడు.” 2020 నవంబరులో లడఖ్‌లో మన సైనికులపై చైనా మైక్రోవేవ్ ఆయుధం వాడిందని బీజింగ్ ప్రొఫెసర్ ఒకాయన చెప్పిన మాట మన వాట్సాప్ గ్రూపుల్లో ఊరేగింది. భారత సైన్యం అది అబద్ధమని వెంటనే చెప్పింది. గాయపడ్డ మనిషి, వైద్య రికార్డు, కొలత, ఏదీ లేదు. “ఏం చూసి చెప్పారు” గడి ఖాళీ.

“పరిహారం ఇచ్చారంటే ఒప్పుకున్నట్టే.” 2021 అక్టోబరులో అమెరికాలో వచ్చిన హవానా చట్టం బాధితులకు సాయం చేయడానికి. కారణం ఫలానా అని అది తేల్చలేదు.

“కమిటీ అన్నిటికన్నా నమ్మదగ్గదని అంది కాబట్టి రుజువైంది.” ఉన్నవాటిలో ముందున్నది అంటే గెలిచిందని కాదు. మిగతావి ఎంత బలహీనమో చూడండి.

## 9. మీ అంచనాను అంకెల్లో రాసి తేదీ వేయండి

మనసులో ఉంచుకుంటే రేపటి వార్తకు అనుగుణంగా అది తెలియకుండానే జారిపోతుంది. నా పేజీలో ఇలా ఉంది:

- అన్ని ఫిర్యాదులకూ ఆయుధమే కారణం: నూటికి ఒకటి కన్నా తక్కువ.
- తేలని కొద్ది కేసుల్లో కనీసం ఒకదాంట్లో ఏదో పరికరం వాడారు: నూటికి పది, మహా అయితే పదిహేను.
- బాధితులకు వైద్యం, సాయం అందాలి: కారణం తేలేదాకా ఆగక్కర్లేదు.

2025 జనవరిలో రెండు సంస్థలు కదిలినప్పుడు నేను రెండో అంకెను మార్చలేదు. వాళ్ళ ముగింపు బయటికి వచ్చింది, దానికి కారణమైన ఆధారం రాలేదు. పక్కన “ఆధారం చూడలేదు” అని మాత్రం రాశాను.

చివరగా, ఏం కనిపిస్తే అంకె మారుస్తారో ఇప్పుడే రాసి పెట్టుకోండి. నావి ఇవి.

పెంచేవి:
- ఘటన సమయంలోనే గదిలో నమోదైన తరంగాల కొలత.
- ఒక నిర్దిష్ట ఘటనాస్థలానికి ముడిపడే పరికరం.
- ఘటన జరిగిన 72 గంటల్లోపు తీసిన రక్త, చెవి పరీక్షల్లో, ఎవరు బాధితులో తెలియకుండా చదివిన వైద్యులకు కనిపించిన తేడా.

తగ్గించేవి:
- ఆ రెండు డజన్ల కేసులకు కూడా విడివిడిగా మామూలు రోగనిర్ధారణలు.
- కొలత యంత్రాలు పెట్టి ఉన్న ఇళ్ళలోనే, ఏ తరంగమూ నమోదు కాకుండా వచ్చిన కొత్త ఫిర్యాదులు.

దీని కింద ఈ రోజు తేదీ వేసి, నాలుగు వరసలు ఖాళీ వదలండి.